సంఘ సేవా వ్యాపార శిక్షణకు విద్యార్థి వేతనాలు – మనము చేయగల సాయము

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా నస్పూర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పింఛను ప్రభువుల దయ కాదనీ, చేసిన సేవకు ఉద్యోగికి దక్కే హక్కు అనీ ఆ తీర్పు తేల్చింది. అందుకే ఏటా ఈ రోజున కలుసుకుంటాము. కరువు భృతి, బకాయిలు, ఆరోగ్య కార్డులు వంటి విషయాలు మాట్లాడుకుంటాము. అవి మాట్లాడవలసినవే. వాటి మీద ఈ రోజు ముగ్గురు వక్తలు ఉన్నారు గనుక నేను జోలికి పోను.

కార్యదర్శి గారు నాకు వేరే పని అప్పగించారు. "మీరు ఖజానా కార్యాలయంలో ఏళ్ల తరబడి స్కాలర్‌షిప్పుల బిల్లులు చూసిన మనిషి. పిల్లలు కొత్త కొత్త చదువుల పేర్లు చెపుతున్నారు. వాటికి డబ్బు సాయం ఎక్కడ దొరుకుతుందో, నమ్మవచ్చో లేదో చెప్పండి" అన్నారు. గుమాస్తాగా మొదలై సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. పండితుణ్ణి కాను. బిల్లును చూసినట్టే ఈ విషయాన్నీ చూశాను. ఎవరికి, ఎందుకు, ఎంత, ఏ షరతు మీద అన్న నాలుగు ప్రశ్నలు వేసుకున్నాను. దొరికిన జవాబులు మీ ముందుంచుతాను.

ముందుగా ఈ చదువు పేరు సంగతి. దీనిని సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అంటున్నారు. సంఘానికి పనికివచ్చే పనిని వ్యాపార పద్ధతిలో, లెక్కాపత్రంతో, తన కాళ్ల మీద తాను నిలబడేటట్టు నడపడం అని నేను అర్థం చెప్పుకున్నాను. ధర్మసత్రానికి దాత పోతే తాళం పడుతుంది. మామూలు దుకాణానికి లాభం ఉంటే చాలు, బీదవాడికి అందిందా లేదా అన్న పట్టింపు ఉండదు. ఈ రెండింటి మధ్య దారి ఇది. పేరు కొత్తదే గాని పని మనకు కొత్త కాదు.

మనలో చాలామంది కంట్లో శుక్లాలు తీయించుకున్నవారే. హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తెలియనివారు ఉండరు. అక్కడ డబ్బు ఇవ్వగలిగినవారు ఇస్తారు. ఇవ్వలేనివారికి అదే వైద్యం ఉచితంగా జరుగుతుంది. చెల్లించేవారి సొమ్ముతో సంస్థ నిలబడి, చెల్లించలేనివారికి సేవ అందుతుంది. ఆ సంస్థ పల్లెటూళ్ల కోసం తన మొదటి కేంద్రాన్ని 1996లో మన పాత ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లోనే పెట్టింది.

మరొకటి ముల్కనూరు. మన పాత కరీంనగర్ జిల్లాలోని ఊరే, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్నది. అక్కడ 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు రైతులను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. అప్పు ఇవ్వడం, ఎరువులు ఇవ్వడం, పంట కొనడం, మిల్లు ఆడించడం అంతా ఒకే గొడుగు కిందకు తెచ్చారు. ఎన్నో ఊళ్లలో సహకార సంఘాలు పుట్టి మునిగిపోయాయి, ముల్కనూరు నిలిచింది. అదే ఊరి ఆడవాళ్లు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పాల సంఘం పెట్టుకొని, 2002లో డెయిరీ మొదలుపెట్టారు. స్వకృషి అన్న పేరుతో పాలు అమ్ముతున్నారు. యజమానులు వాళ్లే, పాలు పోసేది వాళ్లే.

ఇక రెండవ మాట ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వారు 2007లో ఇటలీలోని బెలాజియోలో జరిపిన సమావేశంలో ఈ పేరు పుట్టింది. పెట్టిన డబ్బుకు రాబడితో పాటు, దానివల్ల ప్రజలకు జరిగిన మేలును కూడా కొలిచి చూసే పెట్టుబడి అని భావం. కొలిచి చూడడం అన్న మాట ముఖ్యం. ఒక ఉదాహరణ చెపుతాను. రాజస్థాన్ భిల్వారా జిల్లాలో బడి మానేసిన ఆడపిల్లలను తిరిగి బడిలో చేర్చి చదువు నేర్పే పనికి 2015లో ఒక ఒప్పందం జరిగింది. పని చేసేది ఎడ్యుకేట్ గర్ల్స్ అనే సంస్థ. ముందుగా సుమారు 2 లక్షల 70 వేల డాలర్లు పెట్టింది యు.బి.ఎస్. ఆప్టిమస్ ఫౌండేషన్. పిల్లలు నిజంగా చేరి, నిజంగా నేర్చుకున్నారని మూడో పక్షం పరీక్షించి చెపితేనే ఆ సొమ్ము తిరిగి ఇస్తామన్నది లండన్‌కు చెందిన మరొక ఫౌండేషన్. 2018లో లెక్క తేలింది. చేరికలు లక్ష్యంలో 116 శాతం, చదువు లక్ష్యంలో 160 శాతం. పెట్టినవారికి 4 లక్షల 22 వేల డాలర్లు తిరిగి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే, పని జరిగినట్టు ఎం-బుక్ రికార్డయితేనే బిల్లు పాస్ అన్నమాట.

ఇక్కడ మన వయసువారికి ఒక హెచ్చరిక చెప్పి ముందుకు సాగుతాను. 2019 కేంద్ర బడ్జెటులో సోషల్ స్టాక్ ఎక్స్‌ఛేంజి అన్నది ప్రకటించారు. 2022లో సెబీ నిబంధనలు వచ్చాయి. సేవా సంస్థలు అందులో జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్ అనే పత్రాలు అమ్మి డబ్బు సేకరించవచ్చు. కనీస మొత్తం మొదట 2 లక్షల రూపాయలుండేది. దానిని 2023లో 10 వేలకు, 2025లో 1,000 రూపాయలకు తగ్గించారు. పేరులోనే ఉన్నది, వడ్డీ సున్న, అసలు సున్న. అది విరాళమే, ఫిక్సెడ్ డిపాజిట్ కాదు. ఎవరైనా మీ ఇంటికి వచ్చి ఇందులో పెడితే నెలనెలా వస్తుందంటే నమ్మవద్దు. ఇష్టమైతే దానంగా ఇవ్వండి, రాబడి ఆశించి మాత్రం గ్రాట్యుటీ సొమ్ము తీయకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్కాలర్‌షిప్పుకూ, ఇటువంటి పనికీ సంబంధమేమిటి? చరిత్ర చూస్తే చాలా ఉన్నది.

1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఒక యువకునికి నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు వేతనమిచ్చి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. తిరిగి వచ్చి పదేళ్లు సంస్థానంలో పనిచేయాలని షరతు. ఆ యువకుడు డాక్టర్ అంబేద్కర్. తిరిగి వచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే కులం పేర ఉండడానికి ఇల్లు కూడా దొరకనీయలేదు. అక్కడ పదేళ్లు చేయనీయలేదు గాని, ఆ చదువు దేశం మొత్తానికి ఉపయోగపడింది.

మరొకరు వర్గీస్ కురియన్. భారత ప్రభుత్వ వేతనం మీద అమెరికాలోని మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుకొని వచ్చారు. ప్రభుత్వానికి రాసి ఇచ్చిన బాండు ప్రకారం 1949 మే నెలలో గుజరాత్‌లోని ఆనంద్ అనే చిన్న ఊరికి పంపారు. బాండు కాలం తీరగానే వెళ్లిపోవాలనుకున్న మనిషిని త్రిభువన్‌దాస్ పటేల్ గారు నిలుపుకున్నారు. అలా నిలిచినందువల్ల అమూల్ పెరిగింది, తరువాత దేశమంతా పాల ఉద్యమం నడిచింది. ఒక బాండు కాగితం ఎంత పని చేసిందో చూడండి. బాండు అంటే పిల్లలు భయపడతారు గాని, నాకు దానిమీద గౌరవమున్నది.

బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు 1983లో పెట్టిన మహమ్మద్ యూనుస్ గారు ఫుల్‌బ్రైట్ వేతనంతో అమెరికాలో అర్థశాస్త్రం చదివారు. 2006లో ఆయనకూ, బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఇంతవరకూ మంచి చెప్పాను. రెండో వైపు కూడా చెప్పకపోతే సగం ఫైలు పెట్టినట్టే. యూనుస్ గారి పద్ధతి మన మెదక్ జిల్లాకు 1997లో వచ్చింది. ఫుల్‌బ్రైట్ స్కాలరుగా మన దేశానికి వచ్చిన విక్రమ్ ఆకుల గారు ఎస్.కె.ఎస్. సంస్థను స్థాపించారు. గుంపులుగా చేరిన ఆడవాళ్లకు చిన్న అప్పులు, వారం వారం వాయిదాలు. సంస్థ పెరిగి 2010లో షేర్ మార్కెట్టుకు వెళ్లి 1,600 కోట్లకు పైగా సేకరించింది. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ఎన్నో సంస్థలు ఒకే ఇంటికి అప్పు మీద అప్పు ఇచ్చిన సంగతి, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు బయటికి వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదాలు కట్టడం ఆగిపోయింది. హైదరాబాదులో 1996 నుండి పనిచేస్తున్న బేసిక్స్ వంటి సంస్థ సైతం ఆ దెబ్బకు కుంగింది. రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఒక మనిషికి ఎన్ని సంస్థలు అప్పు ఇవ్వవచ్చు, వడ్డీకి పరిమితి ఎంత అన్న లెక్కలు ఆ తరువాతనే కట్టుదిట్టమయ్యాయి.

దీనిని ఒక మనిషి తప్పుగా నేను చెప్పడం లేదు. మేలు చేయాలన్న ఉద్దేశం, పెద్ద చదువు, పెట్టుబడి మూడూ ఉన్నా, కొలిచేది కేవలం వసూలు శాతమైతే ఏమవుతుందో అది మన కళ్ల ముందే జరిగింది. ఈ శిక్షణకు పోయే మన పిల్లలు అమూల్ పాఠంతో పాటు ఈ పాఠం కూడా చదవాలి. వాళ్లకు పాఠ్యపుస్తకంలో దొరకకపోతే, ఆ రోజులు చూసిన మనమే చెప్పాలి.

బొగ్గు ప్రాంతంలో ఈ సంగతి ఎందుకు అని కొందరు అడగవచ్చు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుండి మన ప్రాంతంలో చదువు అంటే కంపెనీ నౌకరీకి మెట్టు. తండ్రి బాయిలో దిగితే కొడుకు బాయిలో దిగేవాడు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులుండేవారు. స్వచ్ఛంద విరమణలు, ఓపెన్‌కాస్టులు, యంత్రాలు వచ్చాక ఇప్పుడు ఆ సంఖ్య 40 వేల చుట్టూ ఉన్నది. శ్రీరాంపూర్, గోదావరిఖని, మందమర్రి ఎక్కడ చూసినా వారసత్వ ఉద్యోగం కోసం ఎదురుచూసే ఇళ్లే. జిల్లా కలెక్టరు కార్యాలయం 2023లో మన నస్పూర్‌కు వచ్చింది. 2025లో మన మునిసిపాలిటీ మంచిర్యాల కార్పొరేషనులో కలిసింది. ఊరు పెరుగుతున్నది, బాయిల్లో నౌకరీలు తగ్గుతున్నాయి. పిల్లలు పది మందికి పని కల్పించే విద్య నేర్చుకుంటే తప్ప ఈ లెక్క సరిపడదు.

సరే, విద్యార్థి వేతనాలు ఎక్కడ ఉన్నాయి? మూడు మెట్లుగా చెపుతాను.

మొదటి మెట్టు, చదువు కంటే ముందు పని నేర్చుకోవడం. స్టేట్ బ్యాంకు ఫౌండేషన్ వారు 2011లో మొదలైన యూత్ ఫర్ ఇండియా అనే ఫెలోషిప్ నడుపుతున్నారు. 21 నుండి 32 ఏళ్ల లోపు పట్టభద్రులు 13 నెలలు ఒక పల్లెలో, అక్కడ పనిచేస్తున్న సేవా సంస్థతో కలిసి ఉంటారు. నెలనెలా భృతి ఉంటుంది. ఇంటి నుండి డబ్బు పెట్టనక్కరలేదు. పిల్లవానికి ఈ పని సరిపడుతుందో లేదో 13 నెలల్లో తేలిపోతుంది. లక్షలు పోసి చదివిన తరువాత ఇది నా వల్ల కాదనడం కంటే ఇది మేలు.

రెండవ మెట్టు, మన దేశంలోనే చదవడం. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 2007లో సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్‌లో ఎం.ఏ. మొదలుపెట్టింది. కురియన్ గారు ఆనంద్‌లో 1979లో పెట్టిన గ్రామీణ మేనేజ్‌మెంటు సంస్థ, ఇర్మా, 2025లో చట్టం ద్వారా త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయమైంది. మన హైదరాబాదు రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉన్నది. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో కుటుంబ ఆదాయాన్ని బట్టి పూర్తి ఫీజు వరకు మాఫీ ఇస్తారు. షెడ్యూల్డ్ కులాల పిల్లలకు పోస్టు మెట్రిక్ వేతనం 1944 నుండి ఉన్న పథకం. తరువాత మిగతా వర్గాలకూ విస్తరించింది. ఇంకా చాలకపోతే విద్యా రుణం. 7 లక్షల 50 వేల వరకు ఆస్తి తాకట్టు లేకుండా తీసుకునే వీలున్నది. 2024లో వచ్చిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరినవారికి, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నది.

మూడవ మెట్టు విదేశాలు. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. సాయం 20 లక్షల వరకు, విడతలుగా. ఇవి ఇంజనీరింగుకే అనుకుంటారు. మేనేజ్‌మెంటు, సోషల్ సైన్సెస్ కూడా జాబితాలో ఉన్నాయి గనుక మనం చెప్పుకుంటున్న చదువు అందులో ఇముడుతుంది. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954–55 నుండి ఉన్నది. షెడ్యూల్డ్ కులాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు. 60 శాతం మార్కులు, 35 ఏళ్ల లోపు వయసు, 8 లక్షల లోపు ఆదాయం. చేతివృత్తుల ఇళ్ల వారు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కులంతో, ఆదాయంతో నిమిత్తం లేనిది బ్రిటిష్ ప్రభుత్వపు చీవెనింగ్ స్కాలర్‌షిప్. 1983 నుండి ఇస్తున్నారు. ఒక ఏడాది పి.జి. చదువు, ఫీజు, నివాసం, విమానం ఖర్చు అన్నీ వారివే. రెండేళ్ల పని అనుభవం ఉండాలి. చదువు ముగిశాక స్వదేశానికి వచ్చి రెండేళ్లు ఉండాలి. కురియన్ గారి బాండు లాంటిదే. ఆక్స్‌ఫర్డులో 2003లో స్కోల్ కేంద్రం ఈ విద్యకే ఏర్పడింది. అప్పటికే సేవా వ్యాపారంలో అనుభవమున్నవారు అక్కడ ఎం.బి.ఎ. చదవడానికి దాని పేర వేతనం ఏర్పాటు చేశారు.

ఇవన్నీ వింటుంటే బాగానే ఉన్నది. కాగితం దగ్గరికి వచ్చినప్పుడే కష్టం తెలుస్తుంది.

మన సభ్యులొకరి సంగతి చెపుతాను. ఆయన బాయిలో టింబర్‌మన్‌గా చేసి దిగిపోయినారు. మనుమరాలు మంచిర్యాలలో బి.కాం. చేసి, ఇటువంటి రెండేళ్ల కోర్సుకు ఎంపికైంది. ఉత్తరం పట్టుకొని తాత మా ఇంటికి వచ్చారు. "అన్నా, ఇది నౌకరీనా, ఎన్జీవోనా, యాపారమా? ఏమని చెప్పాలె నేను మా కోడలికి?" అన్నారు. ఆ పిల్ల పక్కనే కూర్చొని, "తాతా, మన కాలనీల ఎంతమంది ఆడోళ్లు సేవా సమితిల కుట్టు నేర్సుకున్నరు? మిషన్లు ఇంట్ల మూలకున్నయ్. బట్టలు కుట్టుడు వాళ్లకొచ్చు. ఆర్డరు తెచ్చుడు, లెక్క రాసుడు, అమ్ముడు ఎవలకు రాదు. నేను నేర్సుకునేది గది" అన్నది. నాకు మారు మాట లేకపోయింది.

చేరడానికి పన్నెండు రోజుల గడువున్నది. చూస్తే పదో తరగతి మెమోలో తండ్రి పేరు ఒక తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా ఉన్నది. ఆదాయ ధ్రువపత్రం పాతది. ముగ్గురం కూర్చొని ఒక్కొక్కటి సరిచేయించాము. పిల్ల చేరింది. వేతనం మంజూరైంది. కాని మొదటి విడత చేతికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈ లోపల ఫీజు, హాస్టలు కట్టింది ఎవరనుకున్నారు? తాత గ్రాట్యుటీలో మిగిలిన సొమ్ము. ఆ ఇంట్లో ఆ ఎనిమిది నెలలు కోడలు మామతో సరిగా మాట్లాడలేదు. ఇల్లు మరమ్మతుకని దాచిన డబ్బు అది. ఇప్పుడు పిల్ల రెండవ సంవత్సరంలో ఉన్నది. సెలవులకు వచ్చినప్పుడు నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఒక బడి యూనిఫారాల లెక్క వేసి చూపింది. గుడ్డ ఎంత, దారం ఎంత, కూలి ఎంత, మిగులు ఎంత అని. మిగులు చాలా తక్కువ వచ్చింది. అదే సంగతి వాళ్లకు దాచకుండా చెప్పింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. పని నిలబడుతుందో లేదో ఇంకా తేలలేదు.

దీన్నిబట్టి తల్లిదండ్రులకు, తాతలకు నా మనవి. మంజూరు వేరు, జమ వేరు. ఉత్తర్వు చేతికి వచ్చినా డబ్బు ఖాతాలో పడేదాకా ఒక సంవత్సరం ఖర్చు ఎలా అన్నది ముందే తేల్చుకోండి. దానికి తాత పింఛను ఒక్కటే ఆధారమైతే, ముందుగా బ్యాంకు రుణం అడగండి. పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం నాలుగింటిలో పేర్లు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇంటర్ చదువుతుండగానే చూసుకోండి. ఆదాయ పత్రం చెల్లుబాటు తేదీ చూడండి. ప్రతి ఏడు నోటిఫికేషన్ మారుతుంది గనుక పోయినేడు పక్కింటివారికి వర్తించింది ఈ ఏడు మీకు వర్తిస్తుందనుకోవద్దు. స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని ముందుగా డిపాజిట్ అడిగేవారిని గడప దాటనీయవద్దు. వేతనమిచ్చేవాడు డబ్బు అడగడు.

పిల్లలకు కూడా ఒక మాట. ఈ చదువుతో మొదటి నెల నుండి సాఫ్టువేరు జీతం రాదు. చాలామందికి మొదటి ప్రయత్నం నిలబడదు. ఆ సంగతి ఇంట్లో దాచకుండా చెప్పి, ఒప్పించి వెళ్లండి. వేతనం తీసుకుంటే దాని షరతు నెరవేర్చండి. అది ప్రజల సొమ్ము. పింఛను భిక్ష కాదని మనం అన్నాము, విద్యార్థి వేతనం కూడా భిక్ష కాదు. మా పింఛను మేము చేసిన సేవకు వచ్చేది. మీ వేతనం మీరు చేయబోయే సేవకు ముందుగా వచ్చేది. ఆ తేడా ఒక్కటి గుర్తుంటే చాలు.

చివరగా సంఘానికి నా ప్రతిపాదనలు. కార్యదర్శి గారు వీటిని మినిట్స్‌లో రాసుకోవాలని కోరుతున్నాను.

ఒకటి. ప్రతి నెలా రెండవ ఆదివారం మన సంఘ కార్యాలయంలో ఒక బల్ల వేద్దాము. దరఖాస్తులు నింపడం, పత్రాలు సరిచూడడం, గడువులు గోడ మీద రాయడం. మనలో రెవెన్యూలో, విద్యాశాఖలో, ఖజానాలో, కంపెనీ ఆఫీసుల్లో జన్మంతా ఇదే పని చేసిన వారున్నారు. కంప్యూటరు పిల్లలు చూసుకుంటారు, కాగితం మనం చూద్దాము. కులం, యూనియను, పార్టీ చూడకుండా ఎవరు వచ్చినా చేద్దాము.

రెండు. చిన్న సర్దుబాటు నిధి. నెలకు తలా 50 రూపాయలు, ఇష్టమున్నవారే. ఇంటర్వ్యూకు రైలు ఖర్చు, పరీక్ష ఫీజు, మొదటి విడత వచ్చేదాకా చేబదులు. వడ్డీ లేకుండా, రాతపూర్వకంగా, వేతనం జమ కాగానే తిరిగి కట్టే షరతు మీద. లెక్క ప్రతి సంచికలో ప్రచురించాలి. మరొక ఇంట్లో గ్రాట్యుటీ సొమ్ము మీద మాటలు ఆగిపోకుండా ఉండాలంటే ఈ నిధి అవసరం.

మూడు. జిల్లా ఖనిజ నిధికి విజ్ఞాపన. 2015 చట్ట సవరణతో ఏర్పడిన ఈ నిధికి మన నేలలో తీసిన బొగ్గు మీద సొమ్ము జమ అవుతుంది. విద్య, నైపుణ్య శిక్షణ దాని ప్రాధాన్య రంగాల్లో ఉన్నాయి. 2024లో సింగరేణి సంస్థ సివిల్స్ ప్రిలిమ్స్ నెగ్గిన మన రాష్ట్ర అభ్యర్థులకు లక్ష రూపాయల చొప్పున సాయం మొదలుపెట్టింది. సంతోషం. కలెక్టరు కావాలనుకునే పిల్లకు సాయమున్నట్టే, నలభై మంది ఆడవాళ్లకు పని కల్పించాలనుకునే పిల్లకూ ఖనిజ నిధి నుండి ఏటా కొన్ని వేతనాలు ఇవ్వాలని, చదివినవారు తిరిగి వచ్చి కనీసం రెండేళ్లు ఈ ప్రాంతంలోనే పనిచేయాలని షరతు పెట్టమని అడుగుదాము. కలెక్టరు గారి కార్యాలయం మన ఊళ్లోనే ఉన్నది. నడిచిపోయి ఇచ్చి రావచ్చు. విజ్ఞాపన ముసాయిదా నేను రాసి తెచ్చాను. సభ ముగిశాక అందరూ చదివి, సవరణలుంటే చెప్పి, సంతకాలు చేయవలసిందిగా ప్రార్థన.